పోలీసుల్లో చాప్లెయిన్ ప్రోగ్రాం: కమిటీలో నన్ను వేశారు, ఎక్కడ మొదలుపెట్టాలి?

అత్తిలి_అబ్బాయి · సోమవారం రాత్రి

అందరికీ నమస్కారం. డాలస్ పక్కన ఒక సబర్బ్‌లో ఉంటాం. ఊరి పేరు చెప్పను, ఈ గ్రూపులో సగం మంది మా ఊరోళ్లే అయ్యుంటారు. పోయిన వారం మా సిటీ పోలీస్ చీఫ్ ఆఫీసు నుంచి గుడి బోర్డుకి ఈమెయిల్ వచ్చింది. ఇన్నాళ్లూ రెండు చర్చిల నుంచి ముగ్గురు పెద్దవాళ్లు అప్పుడప్పుడు వచ్చి సాయం చేస్తున్నారట. ఇప్పుడు దాన్ని పద్ధతిగా చాప్లెయిన్ ప్రోగ్రాంగా పెడుతున్నారు, ప్లానింగ్ కమిటీలోకి హిందువుల తరఫున ఒకర్ని పంపమన్నారు. బోర్డు మీటింగ్‌లో అందరూ నేల చూపులు చూస్తుంటే నేను ఫోన్ చూసుకుంటున్నా. తలెత్తేసరికి పేరు నాదే.

ఇంట్లో చెబితే మా ఆవిడ "చార్లీ చాప్లినా?" అంది. నాకూ అంతకు మించి తెలీదు. సినిమాల్లో ఉరి తీసే ముందు బైబిల్ పట్టుకుని వచ్చే ఫాదర్ అనుకున్నా. అసలు పోలీసులకి ఈయన ఏం చేస్తాడు? మా పూజారి గారిని పంపితే సరిపోతుందా? ప్రభుత్వ డిపార్ట్‌మెంట్‌లోకి మతం తేవడం లీగల్‌గా కుదురుతుందా? రెండు వారాల్లో మొదటి మీటింగ్. కొంచెం టెన్షన్‌గానే ఉంది.

రైడ్‌అలాంగ్_పాస్టర్ · సోమవారం రాత్రి

తమ్ముడూ, మాది గుంటూరు. ఇక్కడ ఒక కౌంటీలో పదకొండేళ్లుగా వాలంటీర్ చాప్లెయిన్‌ని. చాప్లెయిన్ అంటే కష్టంలో ఉన్న పోలీసులకీ, కుటుంబాలకీ తోడుండే మతం తరఫు మనిషి. ప్రార్థన చేయించడం నా పనిలో నూటికి ఐదు వంతులు కూడా ఉండదు. ఎక్కువ భాగం పెట్రోల్ కారులో ఆఫీసర్ పక్క సీట్లో కూర్చోవడమే. చిన్నపిల్లలు పోయిన యాక్సిడెంట్లు, ఆత్మహత్యలు, కాల్పులు జరిగిన చోటికి పిలుస్తారు. కుటుంబానికి చావు కబురు చెప్పడానికి ఆఫీసర్‌తో పాటు వెళ్తాం. ఆఫీసర్ హాస్పిటల్లో ఉంటే పోతాం, ఇంట్లో గొడవలుంటే వింటాం, అకాడమీ గ్రాడ్యుయేషన్‌కీ అంత్యక్రియలకీ నిలబడతాం.

ఐసీపీసీ అని పోలీస్ చాప్లెయిన్ల అంతర్జాతీయ సంస్థ ఒకటుంది, 1973లో మొదలైంది. వాళ్ల బేసిక్ ట్రైనింగ్‌లో చావు కబురు చెప్పడం, ఆత్మహత్య, స్ట్రెస్, మత్తు అలవాట్లు, పోలీసు కుటుంబాలు, గోప్యత, చట్టపరమైన బాధ్యత లాంటి పాఠాలుంటాయి. ఆ లిస్టు చూస్తేనే ఉద్యోగం ఏంటో తెలిసిపోతుంది.

న్యూయార్క్ పోలీసుల్లో 1966లో చేరి దశాబ్దాల పాటు చాప్లెయిన్‌గా ఉన్న రబ్బీ (యూదు మతగురువు) ఆల్విన్ కాస్ గారి కథ మా ట్రైనింగుల్లో చెప్పుకుంటుంటాం. 1981లో ఒకతను తుపాకీతో ఒక అమ్మాయిని బంధించాడు. అతను యూదుడని తెలిసి ఈయన్ని పిలిచారు. రాత్రంతా మాటలు. చివరికి ఆకలేస్తోందన్నాడు. పాస్ట్రామి శాండ్‌విచ్ తెప్పించి, తుపాకీ ఇస్తే ఇస్తానన్నారు. ఇచ్చాడు. తీరా చూస్తే వాడి దగ్గర ఇంకో తుపాకీ ఉంది. దానికి ఇంకో శాండ్‌విచ్.

నెల్లూరు_నాస్తికుడు · మంగళవారం ఉదయం

కథ బాగుంది పాస్టర్ గారూ, కానీ ఇదంతా సైకాలజిస్టు చేయాల్సిన పని కదా? నా ట్యాక్స్ డబ్బుతో నడిచే డిపార్ట్‌మెంట్‌లో మతం మనిషి ఎందుకు? దేవుణ్ని నమ్మని ఆఫీసర్ ఎవరితో చెప్పుకోవాలి?

నైట్‌షిఫ్ట్_911 · మంగళవారం ఉదయం

నేను 911 కాల్ సెంటర్లో డిస్పాచర్‌ని, అంటే ఎమర్జెన్సీ కాల్ తీసుకుని ఆఫీసర్లని పంపేదాన్ని, ఆరేళ్లయింది. గుడికీ చర్చికీ పెద్దగా పోను. అయినా నెల్లూరు గారికి నేనే చెబుతా.

డిపార్ట్‌మెంట్ సైకాలజిస్టు గది తలుపు దగ్గర ఒక్క ఆఫీసర్ కనపడితే సాయంత్రానికి షిఫ్టు మొత్తానికి తెలుస్తుంది. "డ్యూటీకి పనికొస్తాడా లేదా" అని పరీక్ష పెడతారేమో, గన్ తీసుకుని డెస్క్‌లో కూర్చోబెడతారేమో, ప్రమోషన్ పోతుందేమో అన్న భయం. ఆ భయం అన్నిసార్లూ నిజం కాకపోవచ్చు, కానీ భయం భయమే. చాప్లెయిన్ అయితే కాఫీ తాగుతూ పార్కింగ్ లాట్‌లో నిలబడి ఉంటాడు, ఎవరికీ అనుమానం రాదు. మంచి చాప్లెయిన్ అక్కడ నాలుగు మాటలు విని, ఇది నా చేతిలో పని కాదు అనిపిస్తే డాక్టర్ దగ్గరికి తనే తీసుకెళ్తాడు. డాక్టర్ పని చాప్లెయిన్ చేయడు. డాక్టర్ గుమ్మం దాకా నడిపిస్తాడు.

2019లో ఒక్క న్యూయార్క్ సిటీ పోలీసుల్లోనే పదిమంది ఆత్మహత్య చేసుకున్నారు. గుమ్మం దాకా నడిపించే మనిషి ఏ దేవుడి మనిషైనా నాకు ఫర్వాలేదు.

అత్తిలి గారూ, కమిటీలో ఒక్క మాట మాత్రం గట్టిగా అడగండి. ప్రోగ్రాంలో డిస్పాచర్లని కూడా రాయించండి. ఒకసారి నీళ్లలో మునిగిన బాబు కాల్ నేను తీసుకున్నా. పద్నాలుగు నిమిషాలు ఆ తల్లితో ఫోన్లో సీపీఆర్ చేయించా. ఆఫీసర్లు రాగానే లైన్ కట్. బాబు ఏమయ్యాడో నాకు ఎవరూ చెప్పలేదు, మర్నాడు న్యూస్‌లో చూశా. స్పాట్‌కి వెళ్లిన ఆఫీసర్లందరి దగ్గరికీ చాప్లెయిన్ వెళ్లాడు. నా హెడ్‌సెట్ దగ్గరికి ఎవరూ రాలేదు.

అత్తిలి_అబ్బాయి · మంగళవారం మధ్యాహ్నం

అక్కా, రాసుకున్నా. మొదటి పాయింట్ అదే.

నెల్లూరు_నాస్తికుడు · మంగళవారం మధ్యాహ్నం

సరే, ఆ పార్కింగ్ లాట్ మాట ఒప్పుకుంటా. లీగల్ సంగతి ఎవరైనా చెప్పండి.

లా_పాయింట్ · మంగళవారం రాత్రి

నేను అటార్నీనే, కానీ ఇది లీగల్ సలహా కాదు (ఈ మాట రాయకపోతే మా ఆఫీసులో ఊరుకోరు).

రెండు కేసులు గుర్తుపెట్టుకోండి. నార్త్ కరోలినాలో షార్లెట్ సిటీ ఒక చర్చితో ఒప్పందం చేసుకుని వాళ్ల పాస్టర్‌ని పోలీస్ చాప్లెయిన్‌గా పెట్టుకుంది. 1980లో ఫెడరల్ కోర్టు అది రాజ్యాంగానికి విరుద్ధం అని కొట్టేసింది. వాషింగ్టన్ రాష్ట్రంలో పియర్స్ కౌంటీ షెరిఫ్ దగ్గర వాలంటీర్ చాప్లెయిన్లు ఉండేవారు. ఆ ప్రోగ్రాం మీద కేసు వేస్తే 1997లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఫర్వాలేదంది. ప్రభుత్వం మతానికి ఎంత దగ్గర కావచ్చో చూసే అప్పటి కొలతల్ని అమెరికా సుప్రీంకోర్టు 2022లో కెన్నెడీ వర్సెస్ బ్రెమర్టన్ కేసులో పక్కనబెట్టింది, కాబట్టి ఇవాళ కేసు పడితే వాదన వేరే దారిలో నడుస్తుంది. అయినా ఆ రెండింటి నుంచి తీసుకోవాల్సిన జాగ్రత్త పాతబడలేదు: ఒకే చర్చికి కట్టబెట్టొద్దు, మత ప్రచారానికి సిటీ డబ్బు పోనివ్వొద్దు, ఎవరినీ బలవంతపెట్టొద్దు.

నన్నడిగితే మనుషుల్ని ఎంచుకునే ముందే పాలసీ రాయించండి. మతప్రచారం చేస్తే అదే రోజు తీసేస్తాం అన్న వాక్యం అందులో ఉండాలి. చాప్లెయిన్ ఎవరికి జవాబుదారీ అన్నది ఉండాలి. నేరుగా చీఫ్‌కో, డిప్యూటీ చీఫ్‌కో అయితే మంచిది. మధ్యలో లెఫ్టినెంట్‌ని పెడితే ఆ లెఫ్టినెంట్ మీదే ఫిర్యాదున్న కానిస్టేబుల్ నోరు విప్పడు. (ఇక్కడ కానిస్టేబుల్ అనరులెండి, అలవాటు.) ఇంటర్నల్ అఫైర్స్ (పోలీసుల మీదే జరిగే) ఎంక్వైరీల్లోకి, క్రమశిక్షణ కేసుల్లోకి చాప్లెయిన్‌ని లాగకూడదు. అది కూడా రాతలోనే ఉండాలి.

గోప్యత దగ్గర చాలామంది తప్పులో కాలేస్తారు. టెక్సాస్ సాక్ష్యాల రూల్ 505 ప్రకారం మతగురువుతో ఆధ్యాత్మిక సలహా కోసం రహస్యంగా చెప్పుకున్న మాటకి రక్షణ ఉంది. కానీ పిల్లల మీద అఘాయిత్యం జరిగిందని అనుమానం వస్తే టెక్సాస్‌లో ఎవరైనా సరే రిపోర్ట్ చేసి తీరాలి, మతగురువుకి కూడా మినహాయింపు లేదు. ఫ్యామిలీ కోడ్ ఆ సంగతి పేరు పెట్టి మరీ చెబుతుంది. "నాతో ఏం చెప్పినా బయటికి పోదు" అని చాప్లెయిన్ మాటివ్వకూడదు. ఏది దాచగలడో, ఏది దాచలేడో మొదట్లోనే చెప్పాలి.

రైడ్‌అలాంగ్_పాస్టర్ · మంగళవారం రాత్రి

లా పాయింట్ గారి మాటకి ఒకటి కలుపుతా. అపాయింట్‌మెంట్ లెటర్ తప్పకుండా ఇప్పించండి. 2001 సెప్టెంబర్ 11న న్యూయార్క్ ఫైర్ డిపార్ట్‌మెంట్ చాప్లెయిన్ ఫాదర్ మైకల్ జడ్జ్ టవర్ల దగ్గర చనిపోయారు. ఆ రోజు మృతుల రికార్డుల్లో మొదటి నంబరు ఆయనదే. 2002లో ఆయన పేరు మీదే చట్టం వచ్చింది, డ్యూటీలో చనిపోయిన పోలీస్, ఫైర్ చాప్లెయిన్ల కుటుంబాలకి కూడా ఫెడరల్ పరిహారం అందేలా. అయితే డిపార్ట్‌మెంట్ అధికారికంగా గుర్తించిన చాప్లెయిన్ అయ్యుండాలి. మీ ఊళ్లో ఇప్పుడు వస్తున్న ఆ ముగ్గురు పెద్దవాళ్లకి లెటర్ ఉందో లేదో కనుక్కోండి.

ఇంకోటి, సిగ్గుతోనే చెబుతున్నా. మాకు తెలిసిన ఒక ప్రోగ్రాంలో కొత్త చాప్లెయిన్ ఒకాయన యాక్సిడెంట్ స్పాట్‌లో ఏడుస్తున్న కుటుంబానికి కరపత్రం ఇచ్చాడు. ఆయన ఉద్దేశం మంచిదే. ఆ కుటుంబం ముస్లింలు. ఆ తర్వాత ఏడాది పాటు ఆ డిపార్ట్‌మెంట్‌లో ఏ ఆఫీసరూ ఏ చాప్లెయిన్‌నీ పిలవలేదు.

పెసరట్టు_ఉప్మా · బుధవారం

పూజారి గారి సంగతి ఎవరూ చెప్పలేదు. మా గుడి పూజారి గారు మహానుభావులు, కానీ రాత్రి రెండింటికి పోలీసు కారెక్కి వెళ్లమంటే?

లా_పాయింట్ · బుధవారం

చాలామంది పూజారులు ఆర్-1 వీసా మీద ఉంటారు. ఆ వీసా స్పాన్సర్ చేసిన గుడి పనికే. జీతం లేకపోయినా బయట ఇలాంటి బాధ్యత ఒప్పుకునే ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగాల్సిందే. మొహమాటానికి పోయి ఆయన్ని ఇరికించొద్దు.

ఐసీయూ_అక్క · బుధవారం

వీసా అలా ఉంచండి. ఈ పనికి కావలసింది మంత్రాలు వచ్చినవాళ్లు కాదు. ఎదుటివాళ్లు ఏడుస్తుంటే కుర్చీలో కదలకుండా కూర్చోగలిగినవాళ్లు. మా హాస్పిటల్లో చాప్లెయిన్‌గా చేసే ఒక గుజరాతీ ఆవిడ రిటైరైన టీచర్, పూజలు చేయించదు. క్లినికల్ పాస్టరల్ ఎడ్యుకేషన్ అని చాప్లెయిన్ల ట్రైనింగ్ చేసింది, అంతే.

అయితే మనవాళ్లకి ఒక చిక్కుంది. చాలా డిపార్ట్‌మెంట్లు మీ మతసంస్థ నుంచి ఎండార్స్‌మెంట్ లెటర్, అంటే ఈ మనిషి మా తరఫునే అన్న ఉత్తరం తెమ్మంటాయి. పాస్టర్లకి వాళ్ల డినామినేషన్ (చర్చి శాఖ) ఇస్తుంది. మనకి అలాంటి పెద్ద ఆఫీసు ఏదీ లేదు కదా. 2011లో అమెరికా ఆర్మీలో మొదటి హిందూ చాప్లెయిన్‌గా ప్రతిమా ధర్మ్ గారు వచ్చినప్పుడు ఆవిడకి ఎండార్స్‌మెంట్ ఇచ్చింది చిన్మయ మిషన్ వెస్ట్. మీ ఊరి పోలీసులకి అంత దూరం అక్కర్లేదు. గుడి ట్రస్టీ బోర్డు లెటర్ చాలని పాలసీలో ముందే రాయించుకోండి, లేకపోతే అప్లికేషన్ ఆ గడి దగ్గరే ఆగిపోతుంది.

అత్తిలి_అబ్బాయి · బుధవారం రాత్రి

ఇది నాకు తట్టనే లేదు. మీటింగ్‌లో అడుగుతా. చావు కబురు చెప్పడం గురించి ఎవరైనా వివరంగా రాస్తారా? నిజం చెప్పాలంటే నాకు భయం అక్కడే.

ఐసీయూ_అక్క · బుధవారం రాత్రి

అమెరికాలో ట్రైనింగ్ ఇచ్చే పద్ధతి ఇది: ఫోన్లో కాదు, ఎదురుగా చెప్పాలి. ఇద్దరు వెళ్లాలి. ఆలస్యం చేయకూడదు. వాళ్ల పేర్లు, సంబంధం సరిచూసుకోవాలి, గుమ్మంలో కాకుండా లోపలికి వెళ్లి కూర్చోబెట్టి చెప్పాలి. "చనిపోయారు" అన్న మాట వాడాలి. "ఇక మన మధ్య లేరు", "దూరమయ్యారు" అంటే మెదడు దాన్ని వేరేలా వింటుంది. ఏ హాస్పిటల్లో ఉన్నారని అడుగుతారు.

మన అలవాటు దీనికి పూర్తిగా తలకిందులు. మనం "సీరియస్‌గా ఉంది, వెంటనే బయల్దేరు" అంటాం. మా నాన్న పోయినప్పుడు నాకూ అదే చెప్పారు. ఇరవై రెండు గంటల ప్రయాణం, ప్రతి ఎయిర్‌పోర్టులో ఫోన్ చేసి "డాక్టర్ ఏమన్నాడు" అని అడిగాను. ఇంటి ముందు షామియానా చూసి తెలుసుకున్నా. వాళ్లు నా మంచికే చేశారు. ఇప్పటికీ ఆ ఇరవై రెండు గంటలు తలుచుకుంటే కోపం వస్తుంది.

రిటైర్డ్_ఎస్సై_కడప · గురువారం

అమ్మా, అడ్డొస్తున్నాను, క్షమించు. నేను న్యూజెర్సీలో మా అబ్బాయి దగ్గరికి వచ్చాను. ముప్పై మూడేళ్లు సర్వీసు చేసి రిటైరయ్యాను. "సీరియస్" అని చెప్పినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఊళ్లోకి నేరుగా జీపులో వెళ్లి తలుపు కొట్టేవాళ్లం కాదు. జీపు చూడగానే ఊరంతా పోగవుతుంది. ముందు సర్పంచికో, ఆ వీధి పెద్దమనిషికో కబురు పెట్టేవాళ్లం. ఆయన ఇంట్లో మగవాళ్లని పక్కకి పిలిచి చెప్పేవాడు. తల్లికి మాత్రం శవం వచ్చే ముందు చెప్పేవాళ్లు. అది తప్పో ఒప్పో నాకు తెలీదు. ఒంటరిగా ఉన్న ముసలామెకి బస్సు ఎక్కే ముందు నిజం చెబితే ఆమె బస్సు ఎక్కుతుందా?

మాకు చాప్లెయిన్లు లేరు. ఆర్మీలో ధర్మగురువులుంటారు, పండిట్, గ్రంథీ, మౌల్వీ, పాద్రీ, జేసీవో (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్) హోదాలో. పోలీసుల్లో లేరు. దసరాకి స్టేషన్లో ఆయుధపూజ చేస్తాం, అక్టోబర్ 21న అమరుల సంస్మరణ పరేడ్ చేస్తాం, 1959లో లదాఖ్ హాట్‌స్ప్రింగ్స్‌లో చనిపోయిన పదిమందిని తలుచుకుని. తుపాకులు తలకిందులు చేసి నిలబడతాం, పేర్లు చదువుతారు. మర్నాడు డ్యూటీ. ఒకసారి మందుపాతర పేలి మా వాళ్లు పోయిన రాత్రి క్వార్టర్స్‌లో ఎవరూ మాట్లాడుకోలేదు. సీసా మాట్లాడింది. చాలామందికి చివరిదాకా అదే చాప్లెయిన్.

ఐసీయూ_అక్క · గురువారం

బాబాయ్ గారూ, మీ మీద కోపం లేదండీ. మీరు సర్పంచిని పిలిచి చేసింది సగం సరైన పనే. చెప్పేముందు పక్కన మనిషి ఉండేలా చూడటం ఇక్కడ కూడా నేర్పిస్తారు. తేడా అంతా ఆ తర్వాతే. మనిషి పక్కన ఉన్నాక నిజం చెప్పొచ్చు. ఇండియాలో ఉన్న అమ్మానాన్నలకి ఇక్కడి నుంచి ఫోన్ చేసేటప్పుడు నేను ముందు మేనమామకో, పక్కింటివాళ్లకో చేసి, వాళ్లు ఇంటికి చేరాకే రెండో ఫోన్ చేయిస్తా.

రిటైర్డ్_ఎస్సై_కడప · గురువారం

ఆ రెండు ఫోన్ల పద్ధతి బాగుందమ్మా.

వరంగల్_పిల్ల · గురువారం

స్టూడెంట్స్ గురించి కూడా రాయండి ప్లీజ్. మా రూమ్మేట్ యాక్సిడెంట్‌లో పోయినప్పుడు పోలీసులు మాకు ఏమీ చెప్పలేదు, మీరు రక్తసంబంధీకులు కాదన్నారు. ఆరు గంటలు పార్కింగ్‌లో కూర్చున్నాం. ఈలోపు ఎవరో ఫోటో వాట్సాప్ గ్రూపులో పెట్టారు. వాళ్ల అన్నయ్య హన్మకొండలో ఆ ఫోటో చూశాడు.

నైట్‌షిఫ్ట్_911 · గురువారం

అయ్యో. రూల్ ప్రకారం ముందు కుటుంబానికే చెప్పాలి, ఆఫీసర్‌కి వేరే దారి లేదు. కానీ "మేం చెప్పలేం, మీకు ఒక మనిషిని పంపుతాం" అనైనా అనొచ్చు కదా. తెలుగు తెలిసిన చాప్లెయిన్ ఉంటే ఆ ఆరు గంటలు మీ పక్కన కూర్చునేవాడు. ఫోటోలు పంపొద్దని మనవాళ్ల గ్రూపులకి చెప్పేవాడు. ఇండియాలో కుటుంబానికి చెప్పడానికి కాన్సులేట్ దారి ఏంటో పోలీసులకి తనే చెప్పేవాడు.

పెసరట్టు_ఉప్మా · గురువారం

మన ఇళ్లలో ఇంకో సమస్య. ఇంట్లో ఇండియా నుంచి వచ్చిన అత్తామామలు మాత్రమే ఉంటారు, ఇంగ్లీషు రాదు. పోలీసులు వస్తే పదేళ్ల మనవడి చేత అనువాదం చేయిస్తారు. "మీ నాన్న చనిపోయాడు" అని ఆ పిల్లాడే నానమ్మకి చెప్పాలా? పిల్లల్ని దుబాసీలుగా వాడకూడదని పాలసీలో రాయించండి అత్తిలి గారూ.

అత్తిలి_అబ్బాయి · శుక్రవారం

రాసుకున్నా. చేయి వణికింది.

లా_పాయింట్ · శుక్రవారం

ప్రాక్టికల్‌గా మన చాప్లెయిన్ జేబులో ఒక కాగితం ఉండాలి. పోస్ట్‌మార్టం చేయాలా వద్దా అన్నది కుటుంబం చేతిలో ఉండదు. యాక్సిడెంట్, అనుమానాస్పద మరణం అయితే మెడికల్ ఎగ్జామినర్ (చావుకి కారణం తేల్చే ప్రభుత్వ డాక్టర్), ఆ ఆఫీసు లేని కౌంటీల్లో జస్టిస్ ఆఫ్ ద పీస్ అనే స్థానిక జడ్జి నిర్ణయిస్తారు. టెక్సాస్‌లో చనిపోయిన 48 గంటల లోపు దహనం చేయకూడదు, వాళ్లు మినహాయింపు ఇస్తే తప్ప. సూర్యాస్తమయం లోపు కార్యక్రమం అయిపోవాలని పట్టుబట్టే పెద్దవాళ్లకి ఇది మెల్లగా చెప్పాలి. ఇండియాకి పంపాలంటే డెత్ సర్టిఫికెట్, ఎంబామింగ్ (శవం పాడవకుండా మందులు ఎక్కించడం) సర్టిఫికెట్, రద్దు చేసిన పాస్‌పోర్ట్, హ్యూస్టన్ కాన్సులేట్ నుంచి నో అబ్జెక్షన్. ఈ పనుల్లో తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) సహాయ బృందం టీమ్ స్క్వేర్ వాళ్లు సాయం చేస్తారు, నంబర్ దగ్గర పెట్టుకోండి.

అత్తిలి_అబ్బాయి · రెండు నెలల తర్వాత

అప్‌డేట్ ఇస్తానని చెప్పి మాయమయ్యా, క్షమించండి. పాలసీ అయింది. డిస్పాచర్లు ఉన్నారు, పిల్లల దుబాసీ రూల్ ఉంది, ట్రస్టీ లెటర్ చాలన్నారు. మతప్రచారం వాక్యం మీద మాత్రం గంటన్నర వాదన. చివరికి ఇన్నాళ్లూ వస్తున్న ఆ ముగ్గురిలో బాప్టిస్టు చర్చి పెద్దాయనే "నేను ముప్పై ఏళ్లుగా చేస్తున్నా, ఈ వాక్యం నాకేం అడ్డం కాదు" అన్నారు, దాంతో తేలింది. ఆయనకి ఇన్నేళ్లుగా అపాయింట్‌మెంట్ లెటర్ లేదు. ఇప్పుడిచ్చారు.

ఒక చెడ్డ వార్త, నేనే అప్లై చేశాను. ఫింగర్‌ప్రింట్లు, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయ్యాయి. మొన్న శుక్రవారం మొదటి రైడ్‌అలాంగ్, అంటే పెట్రోల్ కారులో ఆఫీసర్ పక్కన కూర్చుని తిరగడం. ఎనిమిది గంటల షిఫ్టులో ఆఫీసర్ నాతో మాట్లాడిన మాటలు ఇరవై ఉంటాయి. సీట్ బెల్ట్, కాఫీ, టాయిలెట్. నేను ఏదో అడగబోతే రేడియో సౌండ్ పెంచాడు. దిగేటప్పుడు "నెక్స్ట్ శుక్రవారం వస్తావా?" అన్నాడు. అంటే రమ్మనా, రావద్దనా?

రైడ్‌అలాంగ్_పాస్టర్ · అదే రోజు

రమ్మనే తమ్ముడూ. నాకు మొదటి ఆరు నెలలు ఆ మాట కూడా రాలేదు. ప్రశ్నలు అడక్కు. కాఫీ డబ్బులు మాత్రం నువ్వే ఇవ్వు.

అత్తిలి_అబ్బాయి · అదే రోజు

చివరి ప్రశ్న. జాకెట్ ఆర్డర్ చేయమన్నారు, నేవీ బ్లూ అయినా బూడిద రంగైనా తీసుకోవచ్చన్నారు. ఏది మంచిది?

నైట్‌షిఫ్ట్_911 · అదే రోజు

నేవీ బ్లూ వద్దు. చీకట్లో నిన్ను ఎవరూ పోలీసు అనుకోకూడదు, నీ దగ్గర గన్ లేదు. బూడిద రంగు తీసుకో, వీపు మీద చాప్లెయిన్ అని పెద్ద అక్షరాలు వేయించు.

రిటైర్డ్_ఎస్సై_కడప · అదే రోజు

ఒక సైజు పెద్దది తీసుకో నాయనా. జనవరిలో లోపల స్వెట్టర్ పట్టాలి.